క్లిక్‌కూ తెరకూ మధ్య ఇరవై ఫ్రేములు: విశాఖలో ఒక గేమింగ్ కంప్యూటర్ కేసు

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం, ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ఒక కుర్రాడు తన కంప్యూటర్ క్యాబినెట్‌ను పాత దుప్పటిలో చుట్టి, స్కూటీ మీద కాళ్ల దగ్గర నిలబెట్టుకుని, ఎంవీపీ కాలనీ నుంచి ద్వారకానగర్‌లోని మా సర్వీసు గదికి తీసుకువచ్చాడు. అతని ఫిర్యాదును అతని మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకున్నాను: “అన్నా, ఎఫ్‌పీఎస్ నూట యాభై దాటే వస్తంది. గేమ్ మాత్రం బరువుగా ఉంది. క్లిక్ కొట్టాక తుపాకీ ఆలోచించుకుని పేలతంది.” ఆ రెండు వాక్యాలను నేను అప్పుడే శ్రద్ధగా చదువుకుని ఉంటే రెండు రోజుల పని తగ్గేది. ఎఫ్‌పీఎస్ అంటే కంప్యూటర్ సెకనుకు గీసే ఫ్రేముల, అంటే బొమ్మల, సంఖ్య. ఫ్రేములు సరిపడా వస్తున్నాయనీ, ఆలస్యం మాత్రం తగ్గడం లేదనీ అతను స్పష్టంగానే చెప్పాడు. నేను విన్నది మాత్రం ‘కంప్యూటర్ నెమ్మదిగా ఉంది’ అని.

యంత్రం బలహీనమైనదేమీ కాదు. ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, 12 జీబీ ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు, విండోస్ 11. ఇంటి దగ్గర 165 హెర్ట్జ్ మానిటర్, అంటే సెకనుకు 165సార్లు తెరను మార్చగలిగేది, ఉంది. అతను ఎక్కువగా ఆడేది 2023 సెప్టెంబరులో విడుదలైన కౌంటర్-స్ట్రైక్ 2 అనే తుపాకుల ఆట. మా దగ్గరికి వచ్చేలోపు అతను చేయని ప్రయత్నం లేదు. బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ పెంచుకున్నాడు, వీడియోల్లో చూసి, విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో మార్పులు చేశాడు, విండోస్ సర్వీసులను మూకుమ్మడిగా ఆపివేసే స్క్రిప్టు ఒకటి నడిపాడు, ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే పేజ్ ఫైల్ తీసివేశాడు, సీ డ్రైవ్ మొత్తాన్ని యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించాడు. ఏది ఎప్పుడు చేశాడో, ఏది చేశాక ఏమి మారిందో అతనికి గుర్తు లేదు. ఈ వృత్తిలో నాకు ఎదురయ్యే కష్టాల్లో ఇదే పెద్దది. జబ్బు ఒకటైతే, దాని మీద పొరలుపొరలుగా పడిన మందులు పది.

వేడిని అనుమానించిన రెండు రోజులు

క్యాబినెట్ మూత తీయగానే నా దృష్టి కూలర్ మీదికి పోయింది. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న కాలనీల నుంచి వచ్చే యంత్రాల్లో దుమ్ము తీరే వేరు. గాలితో వచ్చే ఉప్పు తేమను పీల్చుకుంటుంది కాబట్టి దుమ్ము పొడిగా రాలిపోదు, హీట్‌సింక్ రేకుల మధ్య జిడ్డుగా పేరుకుని ముద్ద కడుతుంది. బ్లోయర్‌తో ఊదితే పై పొర మాత్రమే పోతుంది, కింది పొరను బ్రష్షుతో గీకాల్సిందే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత వానకు తడిసిన యంత్రాలను వారాల తరబడి బాగుచేసినప్పటి నుంచి మదర్‌బోర్డు అంచుల మీద, స్క్రూల చుట్టూ ఆకుపచ్చ మరకల కోసం వెతకడం నాకు అలవాటైంది. ఇందులో అవి పెద్దగా లేవు గానీ కూలర్ మాత్రం దాదాపు మూసుకుపోయి ఉంది.

ఆట నడుస్తుండగా హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత 97 డిగ్రీలు చూపించింది. ఈ ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకునే హద్దు 100 డిగ్రీలు. గదిలో ఉక్కపోత, ఏసీ వేయలేదు, అంచున నడుస్తోందన్న మాట. కూలర్ విప్పి శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది వేశాను. వెనుక ఫ్యాను గాలిని బయటికి పంపాల్సింది పోయి లోపలికి లాగుతుంటే తిప్పి బిగించాను. ఉష్ణోగ్రత 74కు దిగింది. ఒకే మ్యాపులో, బాట్లతో (కంప్యూటరే నడిపే ఆటగాళ్లు), ఒకే దారిలో తొంభై సెకన్ల చొప్పున మూడుసార్లు నడిచి, ఫ్రేములను లెక్కపెట్టే క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్‌తో కొలిస్తే సగటు ఎఫ్‌పీఎస్ 154 నుంచి 172కు, ‘వన్ పర్సెంట్ లో’ 52 నుంచి 63కు పెరిగాయి. వన్ పర్సెంట్ లో అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల లెక్క. ఆట మధ్యలో చేతికి తగిలే కుదుపు సగటులో కనబడదు, ఈ అంకెలో కనబడుతుంది. సగటు 172, కింది అంకె 63 అంటే మధ్యలో చాలా దూరం ఉన్నట్టే. ఆ దూరం నన్ను అప్పుడే ఆపాల్సింది. కానీ మా బల్ల మీది మానిటర్‌తో పది నిమిషాలు ఆడి చూశాను, బాగానే ఉందనిపించింది, పంపించేశాను.

రెండో రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. ఎఫ్‌పీఎస్ పెరిగింది, బరువు మాత్రం అలాగే ఉంది.

ఇక్కడ నేను చేసిన తప్పులు రెండు. నా చేతి అనుభూతిని కొలతగా తీసుకోవడం మొదటిది. నలభై దాటిన నేను తుపాకుల ఆటలో ఇరవై మిల్లీసెకన్ల తేడా పట్టగలనని అనుకోవడమే అమాయకత్వం. రెండోది ఇంకా పెద్దది. క్లిక్ చేసిన వేలి నుంచి వెలుగు కంటికి చేరేదాకా ఉన్న దారిలో మౌస్, దాని రిసీవర్, యూఎస్‌బీ పోర్టు, విండోస్, ఆట, గ్రాఫిక్స్ కార్డు, కేబుల్, మానిటర్ అన్నీ ఉన్నాయి. అతను తెచ్చింది ఆ దారిలో నడిమి ముక్కను మాత్రమే. మా బల్ల మీద డిస్‌ప్లేపోర్టుకు తగిలించిన 144 హెర్ట్జ్ మానిటర్, వైరు మౌస్ ఉన్నాయి. జబ్బులో సగాన్ని అతని ఇంట్లోనే వదిలేసి, మిగతా సగానికి వైద్యం చేశాను.

ఇంటి దగ్గర కొలత

మరునాడు అతని ఇంటికి వెళ్లాను. గది కిటికీ తూర్పుకు, సముద్రం వైపు తెరుచుకుంటుంది, క్యాబినెట్ సరిగ్గా ఆ కిటికీ కిందే ఉంది. ఈసారి ఏదీ ముట్టుకోకముందే కొలిచాను.

ఇన్‌పుట్ ల్యాగ్ కొలవడానికి ఖరీదైన పరికరాలు ఉన్నాయి. నేను వాడేది సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ కెమెరా. మౌస్ బటన్, తెర రెండూ ఒకే చట్రంలో పడేలా ఫోన్‌ను స్టాండుకు బిగించి, స్లో మోషన్‌లో చిత్రీకరిస్తూ తుపాకీ పేలుస్తాను. తరువాత వీడియోను ఒక్కో ఫ్రేము జరుపుతూ, బటన్ పూర్తిగా కిందికి దిగిన ఫ్రేము నుంచి తెర మీద తుపాకీ మూతి దగ్గర మెరుపు కనిపించిన ఫ్రేము వరకు లెక్కపెడతాను. ఒక్కో కెమెరా ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు, క్లిక్ ఆలస్యాన్ని ఇకపై ఈ ఫ్రేముల్లోనే చెబుతాను. ఒక్క కొలతను నమ్మకూడదు, ఇరవైసార్లు తీసి సగటు, గరిష్ఠం రెండూ రాసుకోవాలి. ఒక ఫ్రేము అటూ ఇటూ తేడాను తేడాగా పరిగణించకూడదు. ఇది ముతక పద్ధతే అయినా ‘ఇప్పుడు చాలా స్మూత్‌గా ఉందన్నా’ అనే మాటకంటే వెయ్యి రెట్లు నయం.

ఇంటర్నెట్ కేబుల్ పీకి, బాట్లతో ఆఫ్‌లైన్‌లో కొలిచాను. సగటు 20 ఫ్రేములు, అంటే 83 మిల్లీసెకన్లు. అన్నిటికంటే ఎక్కువ 31 ఫ్రేములు, అంటే 129. ఇంటర్నెట్ లేకుండానే ఇంత ఆలస్యం ఉందంటే నెట్‌వర్క్‌కు ఇందులో పాత్ర లేదని తేలిపోయింది. పింగ్ అంటే మన యంత్రానికీ సర్వరుకూ మధ్య రాకపోకలకు పట్టే కాలం. ఇన్‌పుట్ ల్యాగ్ అంటే మన వేలికీ మన తెరకూ మధ్య పట్టే కాలం. జనం రెంటినీ ‘ల్యాగ్’ అనే ఒక్క మాటతో పిలవడం వల్ల ఇతను ఆరు నెలలుగా పెద్ద ప్లాన్‌కు డబ్బు కడుతున్నాడు. ఆటకు అవసరమైన డేటా చాలా తక్కువ, ప్లాన్‌లో ఎంబీపీఎస్ పెరిగినంత మాత్రాన పింగ్ కూడా తగ్గదు.

తరువాతి నియమం ఒకసారికి ఒకే మార్పు, మార్పు తరువాత ఇరవై క్లిక్కులు.

మొదట టాస్క్ మేనేజర్ తెరిచాను. ఆట ప్రాసెస్ ప్రయారిటీ, అంటే ప్రాసెసర్ దగ్గర దాని వంతుకు విండోస్ ఇచ్చే ప్రాధాన్యం, ‘రియల్‌టైమ్’ అని ఉంది. ఒక చిన్న ప్రోగ్రామ్ ఆట మొదలైన ప్రతిసారీ దాన్ని ఆ స్థాయికి తెస్తోంది. పేరు చూసి అది ఆటకు మేలు చేస్తుందనుకోవడం సహజమే. అయితే రియల్‌టైమ్ స్థాయిలో ఉన్న ప్రాసెస్ మౌస్, కీబోర్డు సంకేతాలను అందుకునే విండోస్ సొంత థ్రెడ్లను కూడా పక్కకు నెట్టేయగలదు. మైక్రోసాఫ్ట్ తన డెవలపర్ పత్రాల్లోనే ఈ హెచ్చరిక ఇచ్చింది. ఆట వేగంగా నడవాలని పెట్టిన అమరిక, ఆటకు చేరాల్సిన క్లిక్కునే గుమ్మంలో నిలబెడుతోంది. ఆ ప్రోగ్రామ్ తీసేసి ప్రయారిటీని నార్మల్‌కు తెచ్చాక సగటు 19 ఫ్రేములకు మాత్రమే తగ్గింది, అది లెక్కలోకి రాదు. గరిష్ఠం మాత్రం 31 నుంచి 23కు పడిపోయింది. అతను చెప్పిన ‘ఆలోచించుకుని పేలడం’లో అప్పుడప్పుడూ వచ్చే పెద్ద ఆలస్యం ఇదేనని నా అభిప్రాయం.

పేజ్ ఫైల్‌ను కూడా అప్పుడే విండోస్‌కు వదిలేశాను, యాంటీవైరస్ మినహాయింపు తొలగించాను. వీటివల్ల కొలత ఏమీ మారలేదు, మారుతుందని నేను అనుకోలేదు కూడా. పేజ్ ఫైల్ లేకపోతే ర్యామ్ ఎక్కువ తినే ఆటలు మధ్యలో ఆగిపోవచ్చు. సీ డ్రైవ్ మొత్తాన్ని మినహాయిస్తే యాంటీవైరస్ ఉన్నా లేనట్టే.

మానిటర్ చూపించని ఫ్రేములు

డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే రిఫ్రెష్ రేటు 60 హెర్ట్జ్ అని ఉంది. 165 హెర్ట్జ్ మానిటర్ కొని ఎనిమిది నెలలైంది. కొత్త మానిటర్ వచ్చిన రోజున పాత మానిటర్‌కున్న హెచ్‌డీఎంఐ కేబులే తీసి దీనికి గుచ్చాడు. విండోస్ 60 దగ్గర నిలబడింది, ఎవరూ మార్చలేదు. పెట్టెతో వచ్చిన డిస్‌ప్లేపోర్టు కేబుల్ సీలు కూడా తీయకుండా అలమారలో, థర్మోకోల్ ముక్కల మధ్య దొరికింది. ఆ కేబుల్ బయటికి తీసినప్పుడు కుర్రాడి ముఖం చూసి నేను ఏమీ అనలేదు. ఇలాంటివి నెలకు రెండైనా చూస్తుంటాను, కొన్నవారిలో కంప్యూటర్ సైన్సు చదివినవారూ ఉంటారు.

ఆట మూలన కనిపించే ఎఫ్‌పీఎస్ అంకె గ్రాఫిక్స్ కార్డు సెకనుకు ఎన్ని బొమ్మలు గీసిందో చెబుతుంది. కంటికి ఎన్ని చేరాయో చెప్పదు. కార్డు 172 గీస్తున్నా మానిటర్ సెకనుకు అరవైసార్లే తెరను మారుస్తుంటే మిగతా వంద పైచిలుకు బొమ్మలు పూర్తిగా తెర మీదికి రాకుండానే పోతున్నాయి. 60 హెర్ట్జ్ దగ్గర ఒక బొమ్మ తెర మీద 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 165 దగ్గర 6.06 మాత్రమే. దీనికి తోడు అతను ఆటను ‘ఫుల్‌స్క్రీన్ విండోడ్’ పద్ధతిలో ఆడుతున్నాడు. ఆట మధ్యలో స్నేహితులతో చాట్ చూసుకోవడానికి అదే సౌకర్యం. ఆ పద్ధతిలో ఆట గీసిన బొమ్మ నేరుగా తెరకు పోకుండా విండోస్ డెస్క్‌టాప్ కూర్పులో కలిసి వెళ్లే సందర్భాలు ఉంటాయి. అప్పుడు మరో రిఫ్రెష్ కాలం ఆలస్యం చేరవచ్చు, 60 హెర్ట్జ్ దగ్గర ఆ ఒక్క మెట్టే 16.7 మిల్లీసెకన్లు.

కేబుల్ మార్చి, రేటును 165కు పెట్టి, మిగతావి కదపకుండా కొలిచాను. సగటు 14 ఫ్రేములు, 58 మిల్లీసెకన్లు. పైసా ఖర్చు లేకుండా 21 మిల్లీసెకన్లు పోయాయి. డెస్క్‌టాప్ మీద మౌస్ బాణం కదిలించి చూసినప్పుడే అతనికి తేడా అర్థమైంది. “ఇన్నాళ్లూ ఇదేనా అన్నా?” అన్నాడు.

పెనం మీద నాలుగు దోసెలు

అయినా 58 ఎక్కువే. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు వాడకం చూశాను. ఆట నడిచినంతసేపూ 98, 99 శాతం. చాలామంది ఈ అంకెను చూసి సంతోషిస్తారు, డబ్బు పెట్టి కొన్న కార్డు పూర్తిగా పనిచేస్తోందని. ఫ్రేము రేటు దృష్టితో అది నిజం. ఆలస్యం దృష్టితో చూస్తే అదే ఇబ్బంది.

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఒకదాని తరువాత ఒకటి పనిచేస్తాయి. ప్రాసెసర్ మౌస్ ఎక్కడుందో చూసి, ఆటలో ఏమి జరగాలో తేల్చి, బొమ్మ గీయమని కార్డుకు ఆజ్ఞ ఇస్తుంది. కార్డు తీరిక లేకుండా ఉంటే ప్రాసెసర్ ఖాళీగా కూర్చోదు, ముందుగానే తరువాతి ఫ్రేముల ఆజ్ఞలు తయారుచేసి వరుసలో పెడుతుంది. డైరెక్ట్‌ఎక్స్ మామూలుగా మూడు ఫ్రేముల వరకు ఇలా ముందే పేర్చుకోనిస్తుంది. ఉదయం ఎనిమిదింటికి టిఫిన్ సెంటర్ దగ్గర జరిగేది ఇదే. దోసె మాస్టారు నిమిషానికి ఎన్ని దోసెలు వేస్తున్నాడన్నది ఒక లెక్క, నా ఆర్డరు నా పళ్లెంలోకి ఎప్పుడు వచ్చిందన్నది ఇంకొక లెక్క. పెనం ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, మాస్టారు చేతులు ఆగవు, కానీ నా ముందు నాలుగు చీటీలు ఉంటే ఉల్లిపాయ వద్దని నేను ఇప్పుడు చెప్పిన మాట నాలుగు దోసెల తరువాతే అమలవుతుంది. క్లిక్ కూడా అంతే. కార్డు 99 శాతం దగ్గర ఉన్నప్పుడు మనం చూస్తున్న బొమ్మ రెండు మూడు ఫ్రేముల కిందటి మౌస్‌ను చూసి గీసినది.

దీనికి మందు రెండు వైపుల నుంచి వేయాలి. ఒకటి కార్డు మీద భారం తగ్గించడం. బొమ్మల అంచులను నునుపు చేసే ఎమ్‌ఎస్‌ఏఏను ఎనిమిది రెట్ల నుంచి నాలుగుకు, పార్టికల్, షేడర్ వివరాలను కిందికి దించాను. నీడలను మాత్రం తగ్గించలేదు, ఎందుకంటే ఈ ఆటలో మూల మలుపు అవతల నిలబడ్డ శత్రువును అతని నీడే పట్టిస్తుంది. అన్నీ ‘లో’లో పెట్టేయమని సలహా ఇచ్చేవారు ఆడేవాడి అవసరం చూడరు. రెండోది ఎన్‌విడియా 2020 సెప్టెంబరులో ప్రకటించిన రిఫ్లెక్స్. ఆట సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. అది చేసే పని, పెనం ఖాళీ అవుతుందనగా మాత్రమే ఆర్డరు తీసుకోవడం. ప్రాసెసర్‌ను కొద్దిగా ఆపి, కార్డు సిద్ధమయ్యే సమయానికే మౌస్ స్థానం చదివించడం వల్ల వరుస పేరుకోదు. వీటితోపాటు ఆటను నిజమైన ఫుల్‌స్క్రీన్‌కు మార్చాను. మూడు మార్పులూ ఒకేసారి చేసి నా నియమాన్ని నేనే తప్పాను, అప్పటికి రాత్రి తొమ్మిదైంది, వాళ్ల అమ్మగారు భోజనానికి రెండోసారి పిలిచారు. అందువల్ల ఏ మార్పు ఎంత తగ్గించిందో విడదీసి చెప్పలేను. మొత్తం మీద సగటు 14 నుంచి 8 ఫ్రేములకు దిగింది, 33 మిల్లీసెకన్లు.

ఇదే సందర్భంలో అతను ఫ్రేమ్ జనరేషన్ గురించి అడిగాడు. కథ ప్రధానంగా సాగే ఇంకొక ఆటలో అది వాడితే ఎఫ్‌పీఎస్ రెట్టింపు కనిపిస్తోందని, ఇక్కడ కూడా ఏదైనా ప్రోగ్రామ్‌తో పెట్టవచ్చా అని అడిగాడు. ఆ పద్ధతిలో రెండు అసలు ఫ్రేముల మధ్య ఒక కల్పిత ఫ్రేమును చొప్పిస్తారు. మధ్యలో ఏమి గీయాలో తెలియాలంటే రెండో అసలు ఫ్రేము ముందే సిద్ధమై, తన వంతు వచ్చేదాకా ఆగాలి. అంకె పెరుగుతుంది, కదలిక నునుపుగా కనిపిస్తుంది, చేతికి తగిలే ఆలస్యం మాత్రం కొంత పెరుగుతుంది. కథ చూసుకుంటూ నడిచే ఆటకు అది మంచి ఏర్పాటే. గురిచూసి కాల్చే ఆటకు పనికిరాదని చెప్పాను.

ర్యామ్ పక్కపక్క గదుల్లో

సగటుకూ వన్ పర్సెంట్ లోకూ మధ్య ఉన్న దూరం ఇంకా అలాగే ఉంది. యంత్రం భాగాల వివరాలు చూపే సీపీయూ-జడ్ తెరిస్తే ర్యామ్ ఛానెల్ (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారి) దగ్గర ‘సింగిల్’ అనీ, డీర్యామ్ వేగం 1200 మెగాహెర్ట్జ్ అనీ చూపించింది. డీడీఆర్ ర్యామ్‌కు ఈ అంకెను రెట్టింపు చేసి చదవాలి కాబట్టి నడుస్తున్నది 2400 దగ్గర, స్టిక్కు మీద ముద్రించినది 3200. మదర్‌బోర్డుకు నాలుగు స్లాట్లు ఉన్నాయి. రెండు స్టిక్కులనూ ప్రాసెసర్ పక్కనున్న మొదటి, రెండో స్లాట్లలో పక్కపక్కనే పెట్టారు. ఈ బోర్డులో ఆ రెండూ ఒకే ఛానెల్‌కు చెందినవి. ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి, చాలా నాలుగు స్లాట్ల బోర్డుల మాన్యువల్‌లో ఇదే బొమ్మ ఉంటుంది. శుభ్రం చేసిన రోజున నేను ఈ స్టిక్కుల పక్కనుంచే బ్రష్షు పోనిచ్చాను, చూడలేదు.

లెక్క వేస్తే తేడా ఎంతో తెలుస్తుంది. ఒకే ఛానెల్‌లో 2400 వేగానికి ర్యామ్ నుంచి సెకనుకు గరిష్ఠంగా 19.2 జీబీ డేటా రాగలదు. రెండు ఛానెళ్లతో 3200 దగ్గర 51.2 జీబీ. కౌంటర్-స్ట్రైక్ వంటి ఆటల్లో తక్కువ సెట్టింగ్స్ దగ్గర ప్రాసెసరే ఫ్రేమును నిర్ణయిస్తుంది, ఆ ప్రాసెసర్ ర్యామ్ కోసం ఎదురుచూసిన ప్రతిసారీ ఒక ఫ్రేము సాగుతుంది.

స్టిక్కుల స్థానం మార్చి, మదర్‌బోర్డు సొంత అమరికలుండే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను. ర్యామ్‌ను దాని మీద ముద్రించిన వేగానికి నడిపే అమరిక అది. యంత్రం మూడుసార్లు తనంతట తానే రీస్టార్టయి, ఎక్స్‌ఎంపీ వదిలేసి పాత వేగానికి వచ్చేసింది. ఇలాంటప్పుడు ర్యామ్ పాడైందని కొత్తది అంటగట్టడం తేలిక. స్టిక్కు బయటికి తీసి వెలుతురులో చూస్తే బంగారు రంగు పట్టీల మీద మసక పొర ఉంది, ఉప్పు గాలి పని. ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని గుడ్డతో రెండు స్టిక్కుల పట్టీలనూ తుడిచి, ఆరనిచ్చి, ఇంతకాలం ఖాళీగా ఉన్న నాలుగో స్లాటును గాలితో ఊది మళ్లీ గుచ్చాను. ఈసారి 3200 దగ్గర లేచింది. రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడపమని చెప్పి వచ్చాను, ఉదయానికి ఒక్క తప్పూ చూపలేదు. ఈ పరీక్ష దాటకుండా ఎక్స్‌ఎంపీని వదిలేయకూడదు. నిలకడ లేని ర్యామ్ ఆటను ఆపివేయడంతో పోదు, ఫైళ్లనూ పాడుచేస్తుంది.

ఫ్రేము పరిమితి లేకుండా అదే దారిలో మూడుసార్లు నడిస్తే సగటు 231, వన్ పర్సెంట్ లో 118. కింది అంకె దాదాపు రెట్టింపైంది. క్లిక్ ఆలస్యం మాత్రం 8 ఫ్రేముల దగ్గరే ఉంది, ఇరవైలో కొన్ని 7 వచ్చాయి. ర్యామ్ కుదుపును తగ్గించింది, బరువును కాదు. ఈ రెంటినీ అతను మొదటి నుంచీ ఒకే జబ్బు అనుకున్నాడు, నేనూ అనుకున్నాను.

మిగిలిన చిన్నవి

ఒక ఫిర్యాదు ఇంకా ఉంది. మ్యాచ్‌లో రెండు మూడుసార్లు గురి ఒక్కసారిగా ఎగిరి పక్కకు పడుతోంది. వైర్‌లెస్ మౌస్ రిసీవర్ క్యాబినెట్ వెనుక, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు పక్క పోర్టులో ఉంది. యూఎస్‌బీ 3 పరికరాలు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో అలజడి పుట్టిస్తాయి, మౌస్ మాట్లాడేదీ అక్కడే. ఇంటెల్ దీని గురించి 2012లోనే ఒక పత్రం ప్రచురించింది. మధ్యలో ఇనుప క్యాబినెట్ అడ్డం. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ను మౌస్ ప్యాడ్ పక్కకు తెచ్చాను, ఎగరడం ఆగింది. మౌస్ సాఫ్ట్‌వేర్‌లో పోలింగ్ రేటు, అంటే మౌస్ సెకనుకు ఎన్నిసార్లు సంకేతం పంపుతుందన్నది, 125 హెర్ట్జ్ ఉంటే 1000 చేశాను. సంకేతాల మధ్య దూరం 8 మిల్లీసెకన్ల నుంచి 1కి తగ్గుతుంది గానీ ఫోన్ కెమెరా లెక్కలో అది కనిపించలేదు.

చివరి నిర్ణయం వీసింక్ గురించి. ఫ్రేములను మానిటర్ రిఫ్రెష్‌తో కలిపి మాత్రమే చూపించే అమరిక అది. పోటీ ఆటగాళ్లు చాలామంది వీసింక్, ఫ్రేము పరిమితి రెండూ లేకుండా ఆడతారు. ఆలస్యం అన్నిటికంటే తక్కువ ఉంటుంది, తెర మధ్యలో బొమ్మ చిరిగినట్టు గీత కనిపిస్తుంది. మామూలు వీసింక్ ఒక్కటే పెడితే చిరుగు పోతుంది, వరుస మళ్లీ పేరుకుంటుంది. ఈ మానిటర్‌కు ఫ్రీసింక్ ఉంది. 2019 జనవరి నుంచి ఎన్‌విడియా కార్డులు డిస్‌ప్లేపోర్టు ద్వారా ఇలాంటి మానిటర్లతోనూ రిఫ్రెష్ రేటును ఫ్రేములకు అనుగుణంగా మార్చగలవు. ఆ సౌకర్యం, వీసింక్, రిఫ్లెక్స్ మూడూ కలిపి ఆన్ చేస్తే రిఫ్లెక్స్ తనంతట తానే ఫ్రేము రేటును 165కు కొంచెం దిగువన, 157 ప్రాంతంలో ఆపుతుంది. అందువల్ల ఫ్రేములు వీసింక్ గోడను తాకవు, చిరుగూ ఉండదు. రెండు పద్ధతులనూ ఇరవైసార్ల చొప్పున కొలిస్తే సగటుల మధ్య తేడా ఒక ఫ్రేము కూడా లేదు, అంటే నా పద్ధతి పట్టగలిగే హద్దు లోపలే. అతను రెండూ ఆడి చూసి చిరుగు లేనిదాన్ని ఎంచుకున్నాడు. టోర్నమెంటు ఆడేవాడైతే బహుశా మరోలా ఎంచుకునేవాడు.

స్క్రిప్టుతో ఆగిపోయిన సర్వీసులన్నిటినీ ఒక్కొక్కటిగా వెనక్కి తేవడం దండగ అనిపించి, ఫైళ్లు భద్రపరిచి విండోస్‌ను కొత్తగా వేశాను. డ్రైవర్లు, పైన చెప్పిన అమరికలు తప్ప ఏ ‘ట్వీకు’నూ చేర్చలేదు. గేమ్ మోడ్ ఆన్‌లోనే ఉంచాను, వెనుక నిరంతరం వీడియో రికార్డు చేసే అమరికను ఆపాను. కొలత మళ్లీ 8 ఫ్రేములే. అంటే అతను నెలల తరబడి చేసిన రిజిస్ట్రీ మార్పులన్నీ కలిసినా, ఆ రియల్‌టైమ్ ప్రయారిటీ తప్ప, మంచీ చేయలేదు, చెడూ చేయలేదు.

మొత్తం ఖర్చు థర్మల్ పేస్టు, ఎక్స్‌టెన్షన్ కేబుల్, నా మజూరీ. మొదటి రోజు శుభ్రం చేసినదానికి పూర్తిగా తీసుకుని, తరువాత వాళ్ల ఇంటికి వెళ్లినదానికి సగం తగ్గించాను, ఆ పని నా పొరపాటు వల్ల వచ్చింది కాబట్టి. క్యాబినెట్‌ను కిటికీ కింద నుంచి గది లోపలి గోడకు మార్పించి, ముందున్న దుమ్ము జల్లెడను రెండు నెలలకోసారి కడిగి పూర్తిగా ఆరాకే పెట్టమని వాళ్ల అమ్మగారికి కూడా చెప్పాను.

మూడు నెలల తరువాత అతనే ఫోన్ చేశాడు. ప్రాసెసర్ 79 డిగ్రీలు ఉందని చెప్పి, “మళ్లీ కొంచెం బరువుగా ఉందన్నా, నేనే ఫోన్‌తో తీసి లెక్కపెట్టాను, పదమూడు వస్తన్నాయి” అన్నాడు. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేశాడట. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి చూడమన్నాను. 165 అలాగే ఉంది. ఆట సెట్టింగ్స్‌లో రిఫ్లెక్స్ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి, ఇరవైసార్లు కొట్టి, అరగంటకు లెక్క పంపాడు. పన్నెండు ఎనిమిదులు, ఐదు ఏడులు, మూడు తొమ్మిదులు.